విమానం మూడు గంటలు

శనివారం తెల్లవారుతూనే జగన్నాధం గారెలు వేయించి, కావిడి పెట్టెలోంచి సిల్కు లాల్చీ తీయించి, అద్దె కారు వాకిట్లో నిలబెట్టించి, ఎదురొచ్చిన ప్రతివాళ్ళ మీదా కేకలేస్తున్నాడు. భార్య నారాయణమ్మకి అన్నగారైన నరసింగరావు కలకత్తా నుంచి విమానంలో విశాఖపట్నం వస్తున్నాడు.

ఐదేళ్ళ కిందట ఆయన రైల్లో వస్తే, కోతలని వంక పెట్టి జగన్నాధం ఆమదాలవలస స్టేషనుకి వెళ్ళలేదు. ఆ పెద్దమనిషి ప్లాట్‌ఫారం దాటకుండానే తిరుగు రైలెక్కేశాడు. మగవాళ్ళిద్దరికీ పౌరుషం దక్కింది. నారాయణమ్మకు పుట్టిల్లు పోయింది. ఈసారి కూడా ఎవరూ ఎదురు రాకపోతే శ్రీకాకుళం గడప తొక్కేది లేదని ఆయన ముందే చెప్పాడు.

చెప్పింది రైసుమిల్లుకి వచ్చిన ట్రంకుకాల్‌లో. సగం గాలి, సగం మాట. "పొద్దున్నే బయల్దేరతాను బావా. విమానం మూడు గంటలు. ఇనబడతన్నాదా? మూడు గంటలు." జగన్నాధం బుర్రకు పదును పెట్టాడు. ఐదువందల మైళ్ళ దూరం, రైలుకే ఓ పగలూ రాత్రీ పడుతుంది. ఎంత విమానమైనా పొద్దున్న లేచింది మధ్యాహ్నం మూడు గంటలకి గానీ దిగదని తేల్చేశాడు.

దారిలో భోగాపురం దగ్గర టైరు పోయింది. డ్రైవరు ఎర్రన్న వంశాన్నంతా తిట్టి, ఇంకా బోలెడంత పొద్దుంది కదా అని రోడ్డు పక్కన కూర్చుని సగం గారెలు తానే తినేశాడు జగన్నాధం. నారాయణమ్మ మాత్రం అన్న తిన్నాకే తింటానని ముట్టుకోలేదు.

రెండున్నరకి ఏరోడ్రోము చేరితే అక్కడ పిట్ట లేదు. కలకత్తా విమానం పదింటికే దిగిందన్నాడు గేటు మనిషి.

"మూడు గంటల విమానం పదింటికి ఎలగొస్తాదయ్యా?"

"ఏడింటికి లేసింది. మూడు గంటలు ఎగిరింది. పదింటికి దిగింది," అన్నాడతను.

లెక్క తెలిశాక మనిషికి సిగ్గు రావాలి. జగన్నాధానికి కోపం వచ్చింది. తిన్నగా చెప్పడం చేతకానివాడిదే తప్పన్నాడు. కాసేపు ఆగలేక మళ్ళీ వెనక్కి పోయాడన్నాడు. భార్య ఏడుస్తూ వద్దంటున్నా వినకుండా, 'ఇక నీకూ మాకూ చెల్లు' అని కలకత్తాకి టెలిగ్రాం కొట్టడానికి కారు టెలిగ్రాఫు ఆఫీసుకి తిప్పించాడు.

అక్కడ ఫారం నింపి వరసలో నిలబడితే, ముందున్న మనిషి ఎంతకీ కదలడు. ఒక మాట రాస్తాడు, ఘాటు చాలలేదని కొట్టేసి ఇంకొకటి రాస్తాడు. ఒళ్ళు మండి జగన్నాధం అతని భుజం మీదుగా తొంగిచూశాడు. చిరునామా తనదే.

నరసింగరావుకి తిరుగు విమానం మర్నాటికి గానీ లేదట. అంతవరకూ కోపాన్ని దాచుకోలేక ఇక్కడికొచ్చాడు.

"మూడు గంటలని సెప్పినాను కదా!"

"మూడు గంటలకే వచ్చినాను కదా!"

ఆఫీసంతా పని మానేసి వింటోంది. కేకలు విని కారు దిగొచ్చిన నారాయణమ్మ ఇద్దరి చేతుల్లోని కాగితాలూ లాక్కుని ముక్కలు ముక్కలుగా చింపేసింది. పెళ్ళయ్యాక ఆవిడ గొంతు పెంచడం అదే మొదలు.

"మీ కోపాలు మీకు బాగానే ఉన్నాయి. ఐదేళ్ళు పుట్టిల్లు లేకుండా బతికినాను నేను. ఒక్కరైనా నన్నడిగినారేటి? కారెక్కండి, ఇద్దరూనూ."

ఎక్కారు. దారిలో మిగిలిన గారెలు నములుతూ నరసింగరావు, శ్రీకాకుళం ఇంకెంతసేపని అడిగాడు. మూడు గంటలని చెప్పబోయిన ఎర్రన్న అద్దంలో నారాయణమ్మ ముఖం చూశాడు.

"డెబ్బై మైళ్ళు బాబూ," అన్నాడు.