మేష్ట్రు తరఫు మనిషి

అక్కయమ్మ పోయిన రోజునే ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాట కూడా పోయింది. అంతకుముందు మాత్రం ఉండేదా అంటే, నేరుగా ఎప్పుడూ లేదు. ఊళ్ళోకి కరెంటు స్తంభాలు వస్తున్న రోజులవి. వెంకటరాయప్ప మిడిల్ స్కూల్లో హెడ్ మేష్ట్రు. కొడుకు మునినారాయణ అదే ఊళ్ళో సబ్ జైలుకు జైలరు. "నాయనకు గొడుగు కావాల్నేమో అడుగమ్మా" అని కొడుకు వంటింట్లోకి చెప్పేవాడు. "వద్దని చెప్పు వానికి" అని తండ్రి వరండాలోంచి అనేవాడు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. ఆ మాటలు అక్కయమ్మ మీదుగా, కాస్త తీపి కలుపుకుని, ఇటూ అటూ చేరేవి.

పోయే ముందు ఆమె భర్త చెయ్యి పట్టుకుని, "నారాయణ రాలేదని నాకేం నొప్పి లేదు. వానికి చెప్పు" అంది. మునినారాయణ ఆవేళ ఖైదీలను కోలారు కోర్టుకు తీసుకుపోయి, చీకటి పడ్డాక వచ్చాడు. అమ్మ తనకోసం ఎదురుచూసి, నొచ్చుకుని పోయిందనే అతను నమ్మాడు. కొడుకు అలా అనుకుంటున్న సంగతి వెంకటరాయప్పకు పక్కింటి చిక్కమ్మ చెప్పింది. కావాలంటే చిక్కమ్మ చేతే కబురు చేయవచ్చు. కానీ అది ఇంకొకరి నోట పంపే మాట కాదు. ఏడాదిగా ఆయన రోజూ పళ్ళెం ముందు దాన్ని నోటిదాకా తెచ్చుకుని, సంగటి ముద్దతో పాటు మింగేస్తూ వచ్చాడు.

ఇంతలో మునినారాయణకు చిత్రదుర్గం బదిలీ అయింది. సోమవారం పొద్దున బస్సు.

తాలూకాకు పెద్ద అధికారి అయిన అమల్దారు అప్పుడే బెంగళూరులో ఏదో శిబిరానికి వెళ్ళివచ్చాడు. ఖైదీలూ కాపలావాళ్ళూ గుండ్రంగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుంటే జైళ్ళలో గొడవలు తగ్గుతాయని అక్కడ విన్నాడు. నడిపించమని మేష్ట్రును అడిగాడు. జైలరు కూడా అందరితో పాటు కూర్చోవాలన్నది షరతు. వెంకటరాయప్ప ఒప్పుకున్నది ఆ షరతు కోసమే. ఆదివారం పొద్దున ఉతికిన పంచె కట్టుకుంటూ మనసులో అంతా అమర్చుకున్నాడు. అందరూ మాట్లాడాక వంతు కొడుక్కి వస్తుంది, ఆ తర్వాత తనకు. వంతంటూ వచ్చాక మాట్లాడక తప్పదు కదా.

జైలు గోడల లోపలి వాకిట్లో చాపలు పరిచారు. ఖైదీలు, కాపలావాళ్ళ దఫేదారు ఆంజనేయప్ప కూర్చున్నారు. మునినారాయణ కుర్చీ వద్దని, తండ్రికి ఎదురుగా కిందే కూర్చుని, తన బూట్ల వంక చూసుకోసాగాడు. ఖైదీల్లో మిట్టేమరి అన్నదమ్ములు పిళ్ళప్ప, గంగప్ప ఉన్నారు. ఎద్దులతో నీళ్ళు తోడే కపిలె తోలే వంతు కోసం బావి గట్టున ఒకరి తల ఒకరు పగలగొట్టుకుని వచ్చినవాళ్ళు. ఒకే గదిలో పడుకుంటారు, ఒకరి ముఖం ఒకరు చూడరు.

"పిళ్ళప్పా, నీ మనసులో ఏముండాదో నీ తమ్మునితో నువ్వే చెప్పప్పా" అని మేష్ట్రు మొదలుపెట్టాడు.

పిళ్ళప్ప తెల్లబోయాడు. "అదెట్ల సామీ? న్యాయంలో కూకున్నాక తగువు పడినోడు నోరు ఇప్పకూడదు. వాని తరఫున పెద్దమనిషి మాట్లాడల్ల. అదే మరియాద."

"ఇది న్యాయం పంచాయితీ కాదప్పా, ఊరికే మాటలు."

"ఇంతమంది గుండ్రంగా కూకున్నాక న్యాయం కాకుంటే ఏంది? దఫేదారప్పా, నా తరఫున నువ్వు మాట్లాడు."

ఆంజనేయప్పను పుట్టినప్పటినుంచి ఎవరూ పెద్దమనిషి అనలేదు. మీసం సవరించుకున్నాడు. అది చూసి గంగప్ప వంటగదిలోని గోపాలప్పను కేకేశాడు. పొయ్యి మీద సంగటి ఉడుకుతుండగానే గోపాలప్ప తెడ్డు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మావోడు పెద్దోడు. ముందు వంతు మాదే" అన్నాడు దఫేదారు.

"మీవోని ఎద్దులు నీళ్ళు యాడ తోడతాయి? నిలబడే నిద్రపోతాయి" అన్నాడు గోపాలప్ప.

"ఎద్దులదాకా ఎందుకు? నీ సంగటి తిని ఈడ మనుషులే నిద్రపోతాండారు!"

గోపాలప్ప తెడ్డు ఎత్తాడు. ఖైదీలు రెండు పక్షాలై లేచారు. ఆ అరుపుల్లో పొయ్యి సంగతి ఎవరికీ గుర్తు లేదు. కుండ మాడి, నల్లటి పొగ గోడ దాటి వీధిలోకి పోయింది. బస్టాండు జనం జైలుకు నిప్పంటుకుందని బిందెలతో పరుగెత్తి వచ్చారు. తలుపు మూసి ఉండేసరికి గోడమీదుగా నీళ్ళు కుమ్మరించారు. న్యాయం పూర్తిగా తడిసింది. పొయ్యి మీద ఒక్క చుక్క పడలేదు.

"దఫేదార్, ఇంతటితో చాలించమని మేష్ట్రుకు చెప్పు" అన్నాడు మునినారాయణ.

"అందరి వంతూ కాలేదని జైలరుకు చెప్పప్పా" అన్నాడు వెంకటరాయప్ప.

"తడిగుడ్డల్తో కూకుంటే జలుబు చేస్తాదని చెప్పు."

"నాకేం కాదని చెప్పు."

దఫేదారు మెడ ఇటూ అటూ తిరిగింది. పిళ్ళప్ప తల తుడుచుకుంటూ ఇదంతా చూశాడు. "ఓహో, మేష్ట్రుకూ న్యాయం ఉండాదే! సామీ, మీ తరఫున నేను మాట్లాడతా."

"అట్లయితే జైలరప్ప తరఫున నేను" అని గంగప్ప లేచాడు.

"కొడుకే ముందు మాట్లాడల్ల. నాయనకంటే పెద్దోడా?"

"పెద్దోడే నోరు ఇప్పకుంటే చిన్నోడు యాడ మొదలుపెట్టేది?"

"చిన్నోడు ముఖం తిప్పుకోని కూకుంటే పెద్దోడు ఎవురితో చెప్పేది? గోడతోనా?"

"ముఖం తిప్పుకుంటినా? నా తలకు కట్టు కడతా ఉంటే, నొప్పిగా ఉండాదా అని ఒక్క మాట అడిగితివా అన్నా?"

తన నోట వచ్చిన 'అన్నా' విని గంగప్ప తానే బెదిరాడు. పిళ్ళప్ప తమ్ముని తలకట్టు వంక చూశాడు.

"ఉండాదా ఇంగా?" అన్నాడు చివరికి.

"ఏంది?"

"నొప్పి."

"చలికి లాగుతాది."

అన్నదమ్ములు ఒకరి కట్టు ఒకరు తడుముకుని ఏడ్చారు. దఫేదారు ముక్కు చీదాడు. గోపాలప్ప తెడ్డు కింద పెట్టాడు. పిళ్ళప్ప కళ్ళు తుడుచుకుని, "ఇంగ మీ వంతే సామీ. ఇది నేను చెప్పేది కాదు, మీరే చెప్పల్ల" అన్నాడు.

మునినారాయణ బూట్ల మీదినుంచి చూపు ఎత్తాడు. తండ్రి ముఖంలోకి అతను అలా చూసి చాలా కాలమైంది.

"నారాయణా" అన్నాడు వెంకటరాయప్ప.

బయటి జనం తోపుకు తలుపు గడియ ఊడింది. బిందెలూ మనుషులూ ఒక్కసారిగా లోపలికి వచ్చి పడ్డారు. ఖైదీలు వాళ్ళలో కలిసిపోతారేమోనని జైలరు లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. అది అతని ఉద్యోగం. జనం వెనకే వచ్చిన అమల్దారుకు కనిపించిందల్లా, తలుపు బార్లా తెరిచి ఉన్నా పారిపోని ఖైదీలు, కౌగిలించుకున్న అన్నదమ్ములు. "మేష్ట్రే, మీరు మూగోళ్ళచేత గూడా మాట్లాడిస్తారు!" అని మెచ్చుకున్నాడు.

సోమవారం పొద్దున వెంకటరాయప్ప కొడుకు పరుపుచుట్ట పట్టుకుని బస్టాండుకు వెళ్ళాడు. "కిటికీ పక్కన సీటు ఇయ్యప్పా వానికి" అని కండక్టరుతో అన్నాడు. "ఎండలో నిలబడొద్దని చెప్పప్పా ఆయనకు" అని కొడుకు కూడా కండక్టరుతోనే అన్నాడు. కండక్టరు ఇద్దరి మాటలూ చేరవేసి, విజిల్ వేశాడు. బస్సు కదిలింది.

పిళ్ళప్ప, గంగప్ప విడుదలై ఇప్పుడు కపిలె కలిసే తోలుతున్నారట. అమల్దారు మాట మీద చింతామణి జైలు వాళ్ళు కూడా మేష్ట్రును పిలిచారు. ఆయన ఆదివారాలు వెళ్ళి, అక్కడి వాళ్ళను మాట్లాడించి వస్తున్నాడు. చిత్రదుర్గానికి రాసే ఉత్తరాలు క్షేమసమాచారం దగ్గరే ఆగిపోతున్నాయి. అక్కయమ్మ చెప్పమన్న మాట కొడుక్కి ఇంకా చెప్పలేదు.