సకాలంలో రాత్రి

వికలాంగులకు ఇంటికే వచ్చి సేవలందించే సంస్థ ఒకటి మన మధ్య దిగ్విజయంగా నడుస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సంస్థ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. మెట్లెక్కలేనివాళ్ళెవరూ ఇంతవరకు ఆఫీసుకొచ్చి ఫిర్యాదు చేయలేదని డైరెక్టరుగారు సగర్వంగా చెబుతారు.

ఆ సేవలు పొందుతున్న అదృష్టవంతుల్లో లెక్కల టీచరమ్మ ఒకరు. నడుము కింద చలనం లేదు. అన్నయ్య ఇంట్లో ఉంటూ, సాయంత్రాలు చక్రాల కుర్చీలో కూర్చుని పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. రోజంతా ఆవిడ ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే. కానీ సంస్థ పంపే ఆయా డ్యూటీ ఆరింటికి అయిపోతుంది. కనుక ఆలోగా టీచరమ్మను మంచం మీద చేర్చి, దుప్పటి కప్పి, గుడ్ నైట్ చెప్పాలని కొత్త నిబంధన. కిటికీలో ఎండ కొడుతూనే ఉంటుంది. గుడ్ నైట్ మాత్రం వేళకి జరిగిపోతుంది.

కాస్త ఆలస్యంగా పడుకోబెట్టమని టీచరమ్మ ఫోన్ చేసింది. డైరెక్టరుగారు మనస్తత్వశాస్త్రం చదివినవారు. ఏ కోరిక వెనకైనా ఇంకేదో ఉంటుందని ఎరిగినవారు. స్వయంగా విచ్చేసి, మంచం పక్కన నిలబడి, అన్నయ్యతో మాట్లాడారు.

"మీ చెల్లెలుగారు సాయంత్రాన్ని అంగీకరించలేకపోతున్నారండీ. లోపల ఏదో ఉంది."

"లోపల త్రికోణమితి ఉందండీ," అంది టీచరమ్మ. "రేపు పిల్లలకి పరీక్ష."

"చూశారా, మాట దాటేస్తున్నారు," అన్నారాయన, అన్నయ్యతోనే.

చికిత్సగా నల్లటి మందపాటి తెరలు ఉచితంగా పంపారు. ఆనాటి నుంచి ఆ గదిలో రాత్రి సంస్థ వేళలు పాటిస్తోంది.

టీచరమ్మ మంచం మీద నుంచే పాఠాలు చెప్పింది. సంస్థవారు ఫొటో తీయించి, 'మంచం దిగకుండానే సాధికారత' అని కరపత్రం వేశారు. అది చూసిన తల్లిదండ్రులు, అంత జబ్బు మనిషిని ఇబ్బంది పెట్టడం భావ్యం కాదని తలా ఒక మంచి మాట అని, పిల్లల్ని మానిపించడం మొదలుపెట్టారు.

ఇద్దరే మిగిలిన రోజున టీచరమ్మ కుర్చీ బ్రేకులు బిగించి, చక్రాలు పట్టుకుని కూర్చుంది. ఆయా బతిమాలింది. అన్నయ్య వచ్చాడు.

"ఏంటే ఈ మొండితనం? వేళకి తిండి, వేళకి మంచం. మాకెవరు చేస్తారే ఇలా?"

"అయితే నువ్వే రా అన్నయ్యా, పడుకో. ఆయా దుప్పటి కప్పుతుంది."

అన్నయ్య తెర పక్కకి లాగి బయటికి చూశాడు. "ఇప్పుడేం నిద్రే? నాకింకా బోలెడు పనులున్నాయి," అన్నాడు. అని, బ్రేకులు తీసి, ఆయాతో కలిసి చెల్లెల్ని ఎత్తి మంచం మీద పెట్టాడు.

మిగిలిన ఇద్దరు పిల్లలు పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. టీచరమ్మ ఇప్పుడు చక్కగా సహకరిస్తోందని, ఏమీ అడగడం లేదని, ఇది చికిత్స ఫలితమేనని డైరెక్టరుగారు ప్రకటించారు.

ఈ విజయం నలుగురికీ తెలిశాక సంస్థ ఫోను ఆగకుండా మోగుతోంది. మా ఇంట్లోవాళ్ళని ఆరింటికి బదులు ఐదింటికే పడుకోబెట్టడం కుదురుతుందా అని అడుగుతున్నారట. గొంతులు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. అన్నీ మనవే.