భోజనాల బల్ల మీద పసిఫిక్ మహాసముద్రం

ప్రతి ఇంటికీ ఒక వైమానిక దళం ఉండాలి. ఫ్రిజ్ లేకపోయినా పరవాలేదు!

నవ్వకండి. హోసూరులోని మా ఇంట్లో రెండు వందల పన్నెండు యుద్ధ విమానాలున్నాయి. ఒక్కొక్కటి చింతగింజంత. భూతద్దం పెట్టి చూస్తే పైలట్ మీసం కూడా కనిపిస్తుంది. కనిపించలేదంటే తప్పు మీ కళ్లది.

వీటితో ఏం చేస్తారంటారా? యుద్ధం! భోజనాల బల్ల మీద నీలం గుడ్డ పరిస్తే అదే పసిఫిక్ మహాసముద్రం. మా ఫ్యాక్టరీలో పనిచేసే ఉపేంద్ర, గుంటూరు నుంచి వచ్చినవాడు, ప్రతి ఆదివారం జపాన్ తరఫున దిగుతాడు. నేను అమెరికా. పాచికలు వేసి, స్కేలుతో దూరం కొలిచి కూలుస్తాం. తర్వాత ఇద్దరం కాఫీ తాగుతాం. ఇంత మర్యాదగల యుద్ధం లోకంలో ఇంకెక్కడైనా ఉందా?

లాభాలు వినండి. పసిఫిక్‌ను ఒకసారి పరిచాక మడవడం అసాధ్యం. ఒక్క విమానం కదిలినా చరిత్రే మారిపోతుంది! అందుకే మూడేళ్లుగా మా ఇంట్లో అందరం నేల మీదే తింటున్నాం. మోకాళ్లకు ఎంత మంచిదో! మా అమ్మాయి మధుమిత పదో తరగతి. బల్ల లేక, వాషింగ్ మెషీన్ మూత మీద నోట్సు పెట్టుకుని నిలబడి రాస్తుంది. నిలబడితే నిద్ర రాదు కదా!

ఒక్కటే చిన్న లోపం. పిల్ల అక్షరాలు వంకర్లు పోతున్నాయి. ఇలాగే రాస్తే పరీక్షలో పేపరు దిద్దేవాళ్లకు అర్థం కాదు, మార్కులు పోతాయని టీచరు కబురు పంపింది. నేనేమైనా చేతులు ముడుచుకు కూర్చున్నానా? నాలుగు గీతల కాపీ పుస్తకం కొనిచ్చి, ఏకాగ్రత గురించి ముప్పావుగంట ఉపన్యాసమిచ్చాను.

ఆ బొమ్మలు తీయరాదా అని నా భార్య మంజుశ్రీ అడిగినప్పుడల్లా ఓపిగ్గా చెప్పేవాణ్ణి, ఇవి బొమ్మలు కావు, ఆయుధాలని. మూడేళ్లకు నా మాట చెవికెక్కింది.

ఈ ఏడాది ఆయుధ పూజ నాడు బండి కడిగి, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కొనుక్కొచ్చేసరికి, పసిఫిక్ మాయం! రెండు వందల పన్నెండు విమానాలూ పూజ గదిలో, కత్తిపీటకూ మధుమిత పుస్తకాలకూ నడుమ, పళ్లెంలో బారులు తీరి ఉన్నాయి. జపాన్, అమెరికా అన్న పక్షపాతం లేకుండా అన్నిటికీ కుంకుమ బొట్టు. నేను అసాధ్యమన్న పనిని ఆమె అరగంటలో ముగించింది.

"ఆయుధాలని మీరే కదా చెప్పినారు, పూజలో పెట్టినాను. రేపు ఎత్తేదాకా ముట్టుకోరాదు" అంది.

యుద్ధానికి వచ్చిన ఉపేంద్ర బొరుగులూ గుగ్గిళ్లూ తిని, విమానాలకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు విజయదశమి. నేను లేచేసరికే పూజ అయిపోయింది. ముందుగా పుస్తకాలు దించారట. మధుమిత బల్ల ముందు కుర్చీ వేసుకుని రాసుకుంటోంది. ఖాళీ ద్వీపంలో ఎవరు ముందు దిగితే వాళ్లదే అని మా యుద్ధానికి నియమం రాసి గోడకు అంటించింది నేనే! మరి నా విమానాలో అన్నాను.

మంజుశ్రీ దోసె తిప్పుతూ "పరీక్షలయ్యేదాకా దేవుని దగ్గర్నే ఉండనీండి. ఆడైతే ఎవురూ కదపరు" అంది.

వీరుడు అంత సులువుగా లొంగుతాడా? కొరియర్‌లో కొత్త బాంబర్లు వచ్చాయి. ఆ సాయంత్రమే వాటిని వాషింగ్ మెషీన్ మూత మీద పెట్టుకుని, నిలబడి, రెక్క మీద తెల్ల నక్షత్రం వేయబోయాను. లోపల బట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. మూత దడదడలాడుతోంది. నక్షత్రం రావలసిన చోట నలిగిన సాలీడు వచ్చింది.

మా ఇంట్లో బట్టలు ఉతికేది సాయంత్రం. మధుమిత రాసుకునేదీ సాయంత్రమే. ఈ రెండింటినీ మూడేళ్లలో ఒక్కసారి కూడా కలిపి చూడలేదు నేను. నిజంగా సిగ్గేసింది.

ప్రతి ఇంటికీ వైమానిక దళం ఉండాలన్న మాట మీదే ఇప్పటికీ ఉన్నాను. కాకపోతే, ముందు రెండో బల్ల కొనండి.

మధుమిత లేచొచ్చి నా సాలీడును చూసింది. వెళ్లి, ఆ నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"మొదటి పేజీ నుంచి రాయి నాయనా, ఏకాగ్రత వస్తాది."