మూడు విజిళ్ల బండి

హరిత ఇంట్లో ఉదయం ఏడున్నరకు రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. రెండో అంతస్తులోని వంటింట్లో ఆమె కుక్కర్ పొయ్యి మీద పెడుతుంది. కింద ఆమె భర్త ప్రశాంత్ మోటర్‌సైకిల్ స్టార్ట్ చేసి వదిలేస్తాడు. కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి పైన అన్నం ఉడుకుతుంది, కింద బండి వేడెక్కుతుంది. అప్పుడామె బాల్కనీలోకి వచ్చి, "మూడైంది, బయల్దేరండి" అంటుంది. నిజాంపేటలోని ఆ వీధికి అది గడియారం.

ఈ లెక్క హరిత సొంతం. దసరా దాకా బాగానే ఉన్న బండి చలి మొదలయ్యాక మొండికేసింది. వేడెక్కకముందు గేరు వేస్తే నాలుగు గజాలు ఎగిరి, దగ్గి, ఆగిపోయేది. చోక్ లాగినా లాగకపోయినా దానికి ఒకటే. ఎంతసేపు ఆగాలో తెలియక ప్రశాంత్ విసుక్కుంటుంటే, కెమిస్ట్రీలో బి.ఎస్సీ. చేసిన హరిత పది రోజులు గమనించి, మూడు విజిళ్లని తేల్చింది. వీధిలో చప్పుడెక్కువై విజిల్ వినపడని రోజున బండి శబ్దం నున్నగా మారడాన్ని బట్టి పొయ్యి ఆపేది. ఒకదానికొకటి సాక్ష్యం. మెకానిక్‌కు చూపిద్దామని ప్రశాంత్ అన్నప్పుడల్లా, "విజిళ్లతో నడుస్తోంది కదా" అనేది. తను కనిపెట్టిన పద్ధతిని ఒక మెకానిక్ వచ్చి అనవసరం చేసేయడం ఆమెకు ఇష్టం లేదు.

హరితకు ఏదైనా పద్ధతిగా ఉండాలి. ఆమె వంటింట్లో పప్పుల పొట్లాలన్నింటి మూతులకూ ఎర్రదారం, ఒక్కోదానికి మూడు ముళ్లు. ఒక ముడి ఊడిపోతుంది. రెండు ముళ్లు చూడ్డానికి ఏదో మధ్యలో మానేసినట్టు ఉంటాయి. ఆయుధపూజ నాడు బండిని కూడా ఆమే కడుగుతుంది. ప్రశాంత్ కడగడమంటే రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించడం. ఆమె పాత పళ్లబ్రష్షుతో మొదలుపెడుతుంది.

ఆ చలికాలం తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. ఏ రోజు ఏ రోడ్డు తెరిచి ఉంటుందో ముందు రోజు రాత్రి టీవీలో చూసుకోవాలి. ప్రశాంత్ పనిచేసే హైటెక్ సిటీ కంపెనీలో మేనేజర్ వినయ్ ముందే చెప్పాడు. గురువారం ఉదయం సరిగ్గా పదింటికి క్లయింటుకు డెమో చూపించాలి. చూపించలేకపోతే ప్రాజెక్టు పూణెకు వెళ్లిపోతుంది, దాంతో పాటు ప్రశాంత్ కూడా. అనంతపురం నుంచి వచ్చి, మంచి చింతపండు ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికే హరితకు నాలుగేళ్లు పట్టింది. పూణెలో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలన్న ఆలోచనే ఆమెకు నిద్ర లేకుండా చేసింది.

గురువారం ఆమె ప్రశాంత్ చొక్కా ఇస్త్రీ చేస్తూ విజిళ్లు లెక్కపెట్టింది. వీధిలో ఆటోకు మైకు కట్టి, చౌరస్తాలో రోడ్డు మీదే వంటా వార్పూ ఉందని చెప్పుకుంటూ పోతున్నారు. ఆ హోరులో బండి శబ్దం వినపడలేదు. విజిళ్లు మాత్రం వినపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఇస్త్రీ చొక్కా అందించి, అతను కిందికి దిగాక బాల్కనీలోంచి, "మూడైంది, బయల్దేరండి" అంది.

పొయ్యి ఆపి, గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదిలి, మూత తీసి చూస్తే బియ్యం గులకరాళ్లలా ఉన్నాయి. సరిగ్గా అప్పుడే కింది అంతస్తులోంచి నాలుగో విజిల్ వినపడింది. అక్కడ ఉండే సౌజన్య ముందురోజే కొత్త కుక్కర్ కొంది. ఏది కొనాలో సలహా ఇచ్చింది హరితే. తన కుక్కర్ లాంటిదే కొనమంది. బియ్యం ఉన్న తీరు చూస్తే, తను లెక్కపెట్టిన మూడింట్లో రెండు సౌజన్యవి.

హరిత ఇంటి చెప్పులతో, చేతిలో గరిటెతో మెట్లు దిగి పరుగెత్తింది.

ప్రశాంత్ వీధి చివర కిక్ కొడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"మూడు కాలేదండీ, ఒకటే అయింది."

"ఇప్పుడా చెప్పేది? సరే, వెనకనించి తొయ్యి."

ఆమె తోసింది. ఇద్దరూ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు తిరిగాక బండి అందుకుంది. "ఎక్కు, తొందరగా ఎక్కు, ఆపితే మళ్లీ ఆగిపోతాది" అన్నాడు ప్రశాంత్. మళ్లీ ఆగితే తోయడానికి ఒక మనిషి కావాలి కదా అని ఆమె ఎక్కింది. గరిటె సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. మూడు రాళ్ల పొయ్యిల మీద గుండిగలు, చుట్టూ రెండు వందల మంది. పక్కన ఒక కానిస్టేబుల్ టీ తాగుతున్నాడు. ప్రశాంత్ వేగం తగ్గించగానే ఇంజన్ రెండుసార్లు దగ్గింది. ఆగిపోతుందేమోనన్న భయంతో అతను యాక్సిలరేటర్ గట్టిగా తిప్పాడు. సైలెన్సర్‌లోంచి ఢాం అని పేలింది.

రెండు వందల మందీ ఒక్కసారిగా కూర్చుండిపోయారు. ఎవరో "టియర్ గ్యాస్" అన్నారు. పోలీసులు కాల్చారని జనం అనుకుంటే, జనం ఏదో విసిరారని కానిస్టేబుల్ అనుకున్నాడు. టీ గ్లాసుతో సహా షామియానా గుంజ వెనక్కి వెళ్లాడు. కాసేపటికి అందరూ తలలెత్తి చూస్తే, నడిరోడ్డు మీద పొగ, ఆ పొగలో ఆగిపోయిన బండి, బండి మీద గరిటె పట్టుకున్న ఒకావిడ.

మొదట తేరుకున్నది మార్తమ్మ. ఆమె బోరబండలో ఒక చిన్న దవాఖానలో నర్సు, ఆ రోజు వంటల పెద్ద.

"గరిటె గూడ ఇంటినుంచే తెచ్చుకున్నవా చెల్లె? అడుగువెట్టంగనే పటాకులు గూడ కాలిస్తివి. రా, నీ లెక్క మనుషులే గావాలె మాకు."

"లేదక్కా, మేము ఆఫీసుకు పోతాండాం..."

"గరిటె వట్టుకొని ఆఫీసుకా?"

హరిత అప్పుడు చూసుకుంది చేతిలోని గరిటెను. ప్రశాంత్ అప్పటికే షామియానా దగ్గర నిలబడ్డ ఒక మీసాలాయన్ని బతిమాలుతున్నాడు. ఆయన పేరు యాదయ్య, బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఫిట్టరు.

"అన్నా, పదింటికి పోకుంటే మా ప్రాజెక్టు పూణెకు పోతుందన్నా."

"ఇంకో గంటన్నర ఆగన్నా. అన్నం తిని పోదువు. వెనక చూడు, బస్సులే నిలవడ్డయి, నీ బండెంత?"

అటు మార్తమ్మ ఇచ్చిన పప్పుచారు చుక్కను హరిత అరచేతిలో వేసుకుని రుచి చూసింది. తప్పంతా అక్కడే జరిగింది. ఉప్పు సగమే పడింది, చింతపండు పచ్చివాసన పోలేదు. అలాంటి పప్పుచారును అలాగే వదిలేసి వెళ్లడం ఆమె వల్ల కాదు. "ఇంకా మరగాల" అంది. ఐదు నిమిషాల్లో తిరగమోతకు వెల్లుల్లి అడుగుతోంది. పది నిమిషాల్లో, ఉల్లిగడ్డలు ఒక్కొక్కరు ఒక్కో సైజులో కోస్తున్నారని ముగ్గురికి చెప్పింది.

"చెల్లె అత్తగారి లెక్కనే ఉన్నది" అంది మార్తమ్మ సంతోషంగా.

తొమ్మిదిన్నరకు వడ్డన మొదలైంది. ఆగిపోయిన బస్సుల్లోంచి, కార్లలోంచి దిగిన వాళ్లు కూడా ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. ప్రశాంత్ ఫోన్ మోగింది. మేనేజర్ వినయ్.

"ప్రశాంత్, ఎక్కడున్నావ్? నేను ఆఫీస్‌కి వచ్చి అరగంటైంది. బీ రెస్పాన్సిబుల్ యార్."

"దారిలో ఉన్నా సార్. సార్, ఆఫీసులో కూడా జై తెలంగాణ అంటున్నారే?"

వినయ్ జవాబు చెప్పేలోపే ప్రశాంత్‌కు ఫోన్లో తన భార్య గొంతు వినపడింది.

"వినయ్ గారూ, పప్పుచారు వేయమంటారా?"

అదే మాట పది గజాల ముందు నుంచి విడిగా కూడా వినపడింది. వరుసలో ఒక మనిషి చారు అంటకుండా టైను చొక్కా జేబులోకి దోపుకుని, ఒక చేత్తో ప్లేటు, ఒక చేత్తో చెవి దగ్గర ఫోన్ పట్టుకుని ఉన్నాడు. కంపెనీ కుటుంబాల విందులో హరిత ఆయన్ని చూసింది.

వినయ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "కొంచెం అడుగునుంచి వేయండి" అన్నాడు.

ఆయన కారు బస్సుల వెనక చిక్కుకుంది. ఆఫీసుకు వెళ్లే దారి లేదు, పదికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ప్రశాంత్ దగ్గర లాప్‌టాప్ ఉంది, వినయ్ దగ్గర ఇంటర్నెట్ డేటాకార్డ్ ఉంది. ఇద్దరూ కారులో కూర్చుని సరిగ్గా పదింటికి డెమో మొదలుపెట్టారు. అద్దాలు మూసినా నినాదాలు ఆగలేదు. ఆ అరుపులేమిటని క్లయింటు అడిగాడు. "మా టీమ్ అండి, ఇవాళ అందరూ వచ్చేశారు" అన్నాడు వినయ్ ఇంగ్లీషులో. పూణె టీమ్‌లో ఇంత ఉత్సాహం ఎప్పుడూ వినలేదని, ప్రాజెక్టు హైదరాబాద్‌లోనే ఉంచుదామని క్లయింటు అన్నాడు.

ఈ వార్త పట్టుకుని ప్రశాంత్ వచ్చేసరికి యాదయ్య బండి పక్కన చతికిలబడి ఉన్నాడు. అంతమందిని భయపెట్టిన ఇంజన్ ఎలాంటిదో చూడాలని ఆయనకు ముచ్చటేసింది.

"నీ చోక్ గుంజితె ఏం గాదేందన్నా? తీగ ఏడ వోయింది?" అంటూ టాంకు కింద చెయ్యి పెట్టాడు. "ఓహో, ఈడున్నది. సల్లగున్నప్పుడు ఇంజన్‌కు పెట్రోల్ జర ఎక్కువ గావాలె. గది ఇప్పిచ్చేదే గీ తీగ. దీన్ని ఎవరో ఊడవీకి, చుట్టవెట్టి కట్టేసిండ్రు. ఎవరో గని శానా సాపుగ కట్టిండ్రు. మా ఫ్యాక్టరీల గూడ గింత సాపుగ కట్టరు."

అందరూ వంగి చూశారు. చక్కగా గుండ్రంగా చుట్టిన తీగ. దానికి ఎర్రదారం. మూడు ముళ్లు.

హరితకు ఆయుధపూజ గుర్తొచ్చింది. పళ్లబ్రష్షు గట్టిగా తగిలి ఒక తీగ చివర ఊడి వేలాడింది. ఎక్కడిదో తెలియలేదు. వేలాడుతుంటే చూడ్డానికి బాగాలేదని, పూలదండ కట్టగా మిగిలిన దారంతో కట్టేసింది. ఆ తర్వాత బండి స్టార్టయింది కాబట్టి, అది అక్కర్లేని తీగే అనుకుంది.

ప్రశాంత్ ఆ ముళ్లను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. ఆమె ఖాళీ గుండిగలోకి చూసింది.

"హరితా, మూడు నెలలుగా మూడు విజిళ్లు..."

"అన్నం కూడా ఉడకాల కదండీ" అంది హరిత.

యాదయ్య ముడి విప్పబోతే రాలేదు. చివరికి కత్తి తెచ్చి కోయాల్సి వచ్చింది. తీగ దాని చోట తగిలించడానికి మాత్రం రెండు నిమిషాలే పట్టింది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక మార్తమ్మ గరిటె తెచ్చి హరిత చేతికిచ్చింది. "మల్లా వచ్చే బేస్తవారం గూడ వంట ఉన్నది చెల్లె. బండి మంచిగైందని రాకుండుండకు."

మర్నాడు ఏడున్నరకు, హరిత కుక్కర్ మూత బిగించేలోపే, బండి ఒక్క కిక్కుకు అందుకుని వీధి మలుపు తిరిగిపోయింది. ఆమె పొయ్యి ముందు ఒంటరిగా నిలబడి, ఏ విజిల్ తనదో ఏది సౌజన్యదో పోల్చుకోలేక, అందాజాగా పొయ్యి ఆపింది.

అప్పటి నుంచి బండి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అన్నం మాత్రం ఒకరోజు పలుకుగా, ఒకరోజు ముద్దగా ఉంటోంది.