ఇంకా పదకొండు గంటలు

దాచేపల్లిలో ఇంట్లోనే ఫొటో స్టూడియో నడిపే బ్రహ్మాజీ ఆ రోజు పొద్దున్నే ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. పాత కంప్యూటర్ ఆగిపోకముందే అందులోని వీడియోలన్నీ కొత్త హార్డ్ డిస్కులోకి ఎక్కించాలి. వాటిలో నిరుడు చనిపోయిన భార్య శాంతి వీడియో ఒకటుంది. ఆమె గొంతు మిగిలి ఉన్నది అందులోనే.

తల్లి నాగమల్లేశ్వరి వారం నుంచి దగ్గుతూ కూడా, వద్దన్నా వినకుండా మిరపకాయల సంచి పట్టుకుని కారం మరకు వెళ్లింది. బ్రహ్మాజీ డిస్కు తగిలించి కాపీ పెట్టాడు. ఇంకా పదకొండు గంటలు అని చూపించింది తెర. బావమరిది విశాల్‌కు ఫోన్ చేశాడు. వైరస్‌ల బాధ పడలేక ఆ కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ వేసిపెట్టింది అతనే.

"పోతంది గానీ విశాలూ, చానా నెమ్మదిగా పోతంది. ఇంకా పదకొండు గంటలంట. ముసల్దైపోయింది గదా, లోపల ఒకటే గరగర. భయంగా ఉందిరా. మధ్యలో పీకేస్తే ఏం కాదంటావా?"

చట్నీ గిన్నెతో గుమ్మం దాకా వచ్చిన పక్కింటి రత్తమ్మ ఆ మాటలు విని, గిన్నెతో సహా వెనక్కి తిరిగింది. పావుగంటలో వీధి వీధంతా తెలిసింది.

లోపల విశాల్ ఫోన్లో దారి చెబుతున్నాడు. "ముందువైపు గుచ్చితే అంతే బావా. కాపీ ఆపి, డిస్కు తీసి, వెనకాల నీలం రంగు సాకెట్లో పెట్టు, అదైతే స్పీడు."

పెట్టాడు. పదకొండు గంటలు కాస్తా నలభై నిమిషాలైంది.

"అయిపోయిందని చూపించినా లాగేయబాక. లోపల ఇంకా రాస్తానే ఉంటది. నేను చెప్పిందాకా ముట్టుకోబాక."

బ్రహ్మాజీ తలుపేసుకుని తెర ముందు కూర్చున్నాడు. బయట కుర్చీలు దిగాయి, దండలు వచ్చాయి. "అబ్బాయి కుమిలిపోతన్నాడు, ఎవరూ కదిలించబాకండి" అని రత్తమ్మ కట్టడి చేసింది. దాంతో ఒక్కరూ తలుపు తట్టలేదు. పొలం గట్టు తగాదాతో ఆరేళ్లుగా మాటల్లేని చిన్నాన్న కోటేశ్వర్ కూడా తువ్వాలు నోట్లో కుక్కుకుని వచ్చాడు.

తెర మీద గీత నిండింది. శాంతి గుర్తొచ్చి తడిసిన కళ్లతో బ్రహ్మాజీ మంచినీళ్ల కోసం బయటికొచ్చాడు. కోటేశ్వర్ ఒక్కసారిగా వాటేసుకున్నాడు.

"అయిపోయిందంట్రా?"

ఈ సంగతి ఈయనకెట్లా తెలిసిందో అర్థం కాలేదు గానీ, "పైకి అయిపోయినట్టే బాబాయ్. లోపల ఇంకా కొంచెం ఉందంట" అన్నాడు బ్రహ్మాజీ.

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఈలోపు ఐస్ బాక్సు తెచ్చినతను ప్లగ్గు వెతుక్కుంటూ గదిలోకి దూరి, కనిపించిన తీగ పీకి తనది గుచ్చాడు. గరగర ఆగిపోయింది.

"అయ్యో, శాంతీ!" అని బ్రహ్మాజీ నేల మీద కూలబడ్డాడు. దుఃఖంలో పేరు తప్పు పిలుస్తున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా ఏడ్చారు.

"ఎవర్రా పోయింది?" కారం సంచి చంకన పెట్టుకుని, తుమ్ముతూ నిలబడింది నాగమల్లేశ్వరి. ఐస్ బాక్సతను గోడకు అంటుకుపోయాడు. రత్తమ్మ తన ఇంట్లోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

పాత కంప్యూటర్ ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు. బ్రహ్మాజీ కొత్త డిస్కు టీవీకి తగిలించాడు. ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు సగం తెరుచుకోలేదు. చివరికి శాంతి వీడియో నొక్కాడు. రెండు క్షణాలు నల్లగా ఉండి, వంటగది కనిపించింది.

"నన్ను తీసింది చాల్లే, పాలు పొంగుతన్నై, ఆ పొయ్యి కట్టెయ్" అంది శాంతి.

బ్రహ్మాజీ లేచి వంటగది వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆన్‌లోనే ఉన్న ఫోన్లో ఆ గొంతు విని విశాల్ ఏడుస్తున్నాడు. ముసలమ్మ కోసం వచ్చినవాళ్లంతా కోడలి కోసం కళ్లు తుడుచుకున్నారు. కోటేశ్వర్ అన్నకొడుకు భుజం వదల్లేదు.

నాగమల్లేశ్వరి కూడా కోడలి కోసం కడుపారా ఏడ్చి, ముక్కు చీది, తన చావుకు ఎవరెవరు రాలేదో వేళ్ల మీద లెక్క మొదలుపెట్టింది.