కల్లియో ధ్వజారోహణము, అనగా సెప్టిక్ ట్యాంకు మూత సంరక్షణము

సకల సరోవర సార్వభౌమ బిరుదాంకితమైన సుపీరియర్ మహాహ్రదానికి దక్షిణ తీరాన, మంచు ఆరు నెలలు ఏలుబడి చేసి తక్కిన ఆరు నెలలు సెలవు మీద ఉండే మిషిగన్ ఉత్తర సీమలో, నవంబరు మాసపు ద్వితీయ పక్షంలో, జింకల వేట మొదలైన మూడవ నాడు, అనగా ఊళ్ళోని మగవాళ్ళందరూ తుపాకులు భుజాన వేసుకుపోయి అడవిలో బీరు తాగుతూ కూర్చున్న పుణ్యదినాన, పగలు పది గంటల వేళ, ఏకాకి, సుత్తిహస్తుడు, ఉన్నికుళ్ళాయి కిరీటధారి అయిన డ్వేన్ కల్లియో తన ఇంటి ముందు గులకరాళ్ళ దారి పక్కన యుద్ధసన్నద్ధుడై నిలిచాడు. వినదలచిన వాళ్ళు ఇటు చెవి పెట్టండి. వినదలచని వాళ్ళు పోయి మీ మీ ఇళ్ళ ముందు కర్రలు పాతుకోండి. మీకూ వేళ మించిపోతోంది.

ఈ కల్లియో వంశవర్ధనుడు ఇరవై రెండేళ్ళు పట్నంలో, బట్టలుతికే దుకాణం పై అంతస్తులో అద్దెకు కాపురమున్నవాడు. అక్కడ మంచు పడితే ఎత్తేది ఇంటి ఓనరు. పైపు గడ్డకడితే పరుగెత్తేది ఓనరు. తిట్లు తినేదీ ఓనరే. నలభై తొమ్మిదో ఏట, జన్మలో మొదటిసారి, మన వీరుడు సొంత ఇల్లు కొన్నాడు. సెప్టెంబరులో కొన్నాడు. సెప్టెంబరులో ఈ సీమలో ఏ ఇల్లు చూసినా స్వర్గంలాగే ఉంటుంది. అమ్మేవాళ్ళు అందుకే అప్పుడు అమ్ముతారు.

ఆ గృహరాజానికి ఒక మర్మస్థానం ఉంది. పూర్వకాలపు యోధులకు అది తొడలో ఉండేదంటారు. ఈ ఇంటికి కారు దారి మలుపులో, అంచుకు జానెడు అవతల, నేలమట్టానికి ఉంది. పచ్చటి ప్లాస్టిక్ మూత. దాని కింద సెప్టిక్ ట్యాంకు. మంచు పడితే ఆ మూత కనిపించదు. కనిపించకపోతే మంచు తోసే ట్రక్కు దాని మీదికి ఎక్కుతుంది. ఎక్కితే మూత పగులుతుంది, పగిలితే చలి లోపలికి దిగుతుంది, దిగితే ట్యాంకు గడ్డకడుతుంది. ఇక మే నెల దాకా ఆ ఇంట్లో మరుగుదొడ్డి కేవలం అలంకారం.

ఎదురింటి హిల్యా ఓయలా, ఎనభై ఒక్క ఏళ్ళ ఒంటరి ముసలమ్మ, ఈ రహస్యాన్ని అక్టోబరులోనే ఉపదేశించింది. పిల్లలు దయ్యాల వేషాలు కట్టి మిఠాయిలకు వచ్చే పండగ లోపలే, నేల మెత్తగా ఉండగానే, దారి పొడుగునా నారింజ రంగు గుర్తుకర్రలు పాతెయ్యాలని, మూత దగ్గర తప్పకుండా ఒకటి నిలబెట్టాలని చెప్పింది. పాత ఓనరు ఒక ఏడు బద్ధకించి, జనవరి నుంచి మంచు కరిగే దాకా సంసారం మొత్తాన్నీ రోజుకు మూడుసార్లు నాలుగు మైళ్ళ అవతలి పెట్రోలు బంకుకు కారులో తిప్పాడని కూడా చెప్పింది. డ్వేన్ వినయంగా తలూపాడు. ఆరు కర్రలు కొన్నాడు. గ్యారేజీలో మూలకు ఆనించాడు. కర్ర పాతడం ఎంతసేపు, ఏ ఆదివారమైనా పాతొచ్చు అనుకున్నాడు.

ఈ సీమలో సలహా ఒక్కసారే ఇస్తారు. రెండోసారి ఇస్తే ఎదుటివాణ్ణి వెధవ అన్నట్టు లెక్క. ఆ తర్వాత ఇరుగుపొరుగు చెయ్యవలసిన మర్యాద ఏమిటంటే, కాఫీ కప్పు పట్టుకుని కిటికీలోంచి చూడటం.

ఆదివారాలు మూడు గడిచాయి. పిమ్మట ఉత్తర దిక్కు నుంచి శీతమహారాజు తన అదృశ్య సేనావాహినితో దండెత్తి వచ్చి ఐదు రాత్రులు విడిసి, భూమిని ఉక్కు పలకగా మార్చాడు. మంచు మాత్రం ఇంకా రాలేదు. ఆ ముచ్చట కూడా సాయంత్రానికి తీరుతుందని, మోకాటి లోతు పడుతుందని రేడియో ప్రకటించింది. అప్పుడు కల్లియో గృహలక్ష్మి రోండా, మంచం మీద సంచీ తెరిచి అందులో రెండు స్వెట్టర్లు మడతపెట్టి, భర్త వైపు చూడకుండా యుద్ధభేరి మోగించింది:

"మూత పగిలిందంటే నేను మా అక్క ఇంటికి పోతా. మే నెలలో వస్తా. నువ్వు మాత్రం రాకు. దానికి ఉన్నది ఒక్కటే బాత్రూం."

ఇదయ్యా యుద్ధకారణం. రాజ్యాల కోసం కొట్టుకున్నవాళ్ళు మహావీరులైతే, బాత్రూం కోసం నిలబడినవాడు ఏ విధంగా తీసిపోయాడో చెప్పండి.

ప్రథమ కర్రను నేలకు ఆనించి, దక్షిణ హస్తంతో సుత్తిని ప్రచండ మార్తాండ మండలంలా గిరగిర తిప్పి, పండ్లు పటపట కొరికి, డ్వేన్ ఒక్క దెబ్బ వేశాడు. కర్ర శిరస్సు నుంచి పాదం దాకా రెండుగా చీలింది. నేల మీద గీత కూడా పడలేదు. రెండవ కర్ర మొదటిదాన్ని అనుసరించి వీరస్వర్గం అలంకరించింది. అప్పుడు ఆ మహాబాహువు సుత్తి దించి, వసుంధర వైపు వంగి ఇట్లు గర్జించెను:

"ఓసీ ధరణీ! సర్వంసహ అని నీకు పేరు పెట్టిన కవి ఎవడోగాని, వాడు నవంబరులో నిన్ను చూసి ఉండడు. కొండలను మోసితివి, కోటలను మోసితివి, బొటనవేలంత కర్రను సహింపలేవా? ఇరవై రెండేళ్ళు పరుల పైకప్పు కింద తల దాచుకుని, నేటికి ఒక జానెడు నేల నాదని అనుకుంటినే! నా భూమివై ఉండి నన్నే లోపలికి రానీయకపోతే నేనెవరితో మొర పెట్టుకొందును?"

నిజానికి పైకి అన్నది "దీని తస్సాదియ్యా" అని మాత్రమే. మిగిలినది ముఖంలో రాసి ఉంది. ఇలాంటి ముఖాలు ఈ ఊళ్ళో ప్రతి నవంబరులోనూ చూస్తుంటాం కాబట్టి చదవడం మాకు అలవాటే.

ద్వితీయ ఘట్టంలో అగ్నిజలాస్త్రం ప్రయోగించాడు. ఇంట్లోకి పరుగెత్తి, కెటిల్ నిండా నీళ్ళు మరిగించి, తెచ్చి నేల మీద కుమ్మరించాడు. పొగ మేఘంలా లేచింది. నేల మెత్తబడింది, వేలెడు లోతు. మూడవ కర్రను అందులో గుచ్చి, రెండో కెటిల్ కోసం వెనుదిరిగేలోగా ఆ నీరంతా అద్దంలా బిగుసుకుపోయింది. ఆ అద్దం మీద మన వీరుడి ఎడమ కాలు ఒక దిక్కుకు, కుడి కాలు మరొక దిక్కుకు బయలుదేరగా, నడుమ భాగం ఉన్నచోటనే కూలబడింది. కూలబడుతూ ఆధారానికి మూడవ కర్రను పట్టుకున్నాడు. అదీ పుటుక్కుమంది. ఎదురింటి కిటికీలో కాఫీ కప్పు ఒక్క క్షణం కిందికి దిగి, మళ్ళీ పైకి లేచింది.

నాలుగవ కర్రను పట్టుదల విరిచింది. దాని సంగతి ఎక్కువ చెప్పను.

తృతీయ ఘట్టానికి వచ్చేసరికి నోరు తడారిపోతోంది. ఎందుకంటే ఇందులో పాపం ఉంది. రోండా తమ్ముడు గోర్డీ పక్క వీధివాడు. మంచు తోసే ట్రక్కు అతనిదే. అక్క ఇంటి దారి ఊరికే శుభ్రం చేసిపెడతానని మాట ఇచ్చినవాడూ అతనే. ఒక చేత్తో కాఫీ, ఒక చేత్తో స్టీరింగు పట్టి, కళ్ళు ఎక్కడ పెడతాడో ఎవరికీ తెలియకుండా నడిపేవాడూ అతనే. ఆ గోర్డీ గ్యారేజీలో, మెత్తటి దుప్పటి చుట్టి, గోడకు వేలాడదీసిన మంచు బరమా ఒకటి ఉంది. చలికాలంలో సరస్సు మీద పేరుకున్న గడ్డకు తూట్లు వేసి చేపలు పట్టే సాధనం. ఈ సీమలో అన్నదమ్ములు ఒకరి కారు ఒకరు తీసుకుంటారు, ఒకరి తుపాకి ఒకరు తీసుకుంటారు. బరమా జోలికి పోరు. తప్పనిసరై తీసుకున్నా దాన్ని గడ్డ మీద తప్ప మరొకచోట పెట్టరు. ఇసుక రేణువు తగిలినా దాని అంచు చెడుతుందని ఇక్కడ నడక రాని పాపకు కూడా తెలుసు. పుట్టినప్పటినుంచీ ఈ గడ్డల మీదే చేపలు పట్టిన డ్వేన్‌కు తెలియదా? తెలుసు. కాని గడ్డకట్టిన నేల గడ్డ కాదా అని ఆ వేళ అతనికి ఒక తర్కం తోచింది.

గోర్డీ అడవిలో ఉన్నాడు. బరమా డ్వేన్ చేతికి వచ్చింది. కరకరమని మూడు చుట్లు తిరిగింది. నాలుగో చుట్టులో, భూగర్భంలో తరతరాలుగా ఈ ముహూర్తం కోసమే కాచుకుని ఉన్న ఒక రాయి తగిలింది. క్రేంకారం చేస్తూ బరమా నోటిలోని ఉక్కు పన్ను ఒకటి ఎగిరి, సూర్యకాంతిలో తళుక్కుమని, ఐదవ కర్రను రెండు ముక్కలు చేసి గడ్డిలో పడింది.

వీరుడు బరమా దించి, మిగిలిన కర్ర అందుకున్నాడు. ఆకాశం బూడిదరంగు కంబళిలా కిందికి దిగుతోంది. చేతిలో ఒక్క కర్ర. ఎదురింటి కిటికీలో ఒక్క కప్పు. నడుమ పన్నెండు అడుగుల రోడ్డు. అయ్యలారా, సముద్రాలు దాటినవాళ్ళ కథలు విన్నారు. ఆ పన్నెండు అడుగులు దాటడానికి డ్వేన్ కల్లియోకు పావుగంట పట్టింది. అద్దె ఇంట్లో ఓనరుకు ఫోను చేసి తిట్టడం ఒక విద్య, సొంత ఇంటివాడు పొరుగింటి తలుపు కొట్టి నాకు తెలియదు అనడం వేరే విద్య. రెండోదానికి ఈ వయసులో గురువు దొరకడు.

కొట్టకముందే తలుపు తెరుచుకుంది. బల్ల మీద రెండో కప్పు అప్పటికే నిండి ఉంది.

"చూస్తున్నారా?" అన్నాడు డ్వేన్.

"పొద్దున్నుంచీ," అంది హిల్యా. "ఆ కెటిల్ ఘట్టం బాగుంది నాయనా. కూర్చో."

కూర్చున్నాడు. కప్పులోకి చూశాడు. "హిల్యా గారూ, ఆ కర్ర ఎలా నిలబెట్టాలో నాకు తెలీదు. చెప్పండి."

ముసలమ్మ వెంటనే లేచింది. ఆ మాట కోసమే కూర్చుని ఉన్నట్టుంది.

"నేలతో కుస్తీ పడితే ఏప్రిల్ దాకా పడొచ్చు. బయట అంత చలి ఊరికే కూర్చుని ఉందిగా, దానికి పని చెప్పు."

చెప్పి, అటక మీది నుంచి పెద్ద ఖాళీ కాఫీ డబ్బా దించింది. ముప్ఫై ఏళ్ళ నాటి తన ఫ్రీజర్ తెరిచి, గోడలకు పట్టిన మంచును చెంచాతో గీకించి డబ్బా నింపించింది. అందులో చన్నీళ్ళు పోసి కర్ర నిలబెట్టమంది. వట్టి నీళ్ళయితే తెల్లారేదాకా పడుతుందని, మంచుపొడి కలిస్తే రెండు గంటల్లో బిగుసుకుంటుందని, బిగిశాక మూత పక్కన పెట్టి చుట్టూ కాసిని నీళ్ళు పోస్తే డబ్బా నేలకు అతుక్కుపోతుందని వివరించింది. ఇదంతా ఎలా కనిపెట్టారని డ్వేన్ అడిగాడు.

"మా ఆయన కర్రలు పాతడం మరిచిపోయిన ఏడు," అంది హిల్యా. "ఏ ఏడని అడక్కు. చాలా ఉన్నాయి."

మూడున్నరకు నారింజ ధ్వజం ప్రతిష్ఠితమైంది. కొంచెం తూర్పుకు వాలి ఉంది, అయినా ఊపితే ఊగలేదు. డ్వేన్ దాని పక్కన నిలబడి ఉండగానే మొదటి మంచు రేకు వచ్చి అతని ముక్కు మీద వాలింది.

మర్నాడు ఉదయం లోకం లేదు. తెలుపు ఉంది. దారి లేదు, మలుపు లేదు, మూత అసలే లేదు. ఆ శ్వేతశూన్యంలో మూరెడు నారింజ రంగు మాత్రం పైకి లేచి ఉంది. అంతలో వీధి చివర నుంచి, ఉక్కు తొండం చాచిన మదపుటేనుగులా, రేడియో ఘీంకారంతో దిక్కులు పిక్కటిల్లగా గోర్డీ ట్రక్కు దూసుకువచ్చింది. చలికి లోపల తొడుక్కునే డ్రాయరుతోనే కిటికీకి అతుక్కుపోయిన డ్వేన్, వెనక సంచీ పట్టుకుని నిలబడిన రోండా, ఎదురింట్లో కాఫీ కప్పు, ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ట్రక్కు మలుపు తిరిగింది. మంచు కెరటం లేచింది. కర్ర దాకా వచ్చింది. బెత్తెడు దూరంలో కీచుమని ఆగి, వెనక్కి తగ్గి, ముక్కు పక్కకు తిప్పి, ప్రదక్షిణం చేసినట్టు చుట్టి వెళ్ళిపోయింది.

పని ముగించి గోర్డీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, ఆ డబ్బా ఏంటి?"

"సెప్టిక్ మూత."

"ఓహో." కాసేపు బూట్ల మంచు దులుపుకున్నాడు. "నా బరమా ఏది?"

డ్వేన్ దాచలేదు. చెప్పేశాడు.

"మట్టిలోనా?" అన్నాడు గోర్డీ.

"మట్టిలో."

గోర్డీ టోపీ తీసి గుండెకు ఆనించుకుని, పోయినవాళ్ళకు నిలబడినట్టు నిలబడ్డాడు. తర్వాత తీర్పు చెప్పాడు. ఈ చలికాలమంతా సరస్సు మీద తన తూట్లన్నీ బావే కొట్టాలి, చేత్తో, గునపంతో. డ్వేన్ సరేనన్నాడు. తల వంచలేదు. ఇల్లు గలవాడికి శిక్షలు ఉంటాయని అప్పటికి అర్థమైంది.

పిమ్మట ఆ విజయశాలి, హతశేష ఏకకాష్ఠ సైన్యాధిపతి, పచ్చమూత పరిరక్షకుడు, హిల్యాశిష్యాగ్రగణ్యుడు, నెమ్మదిగా మెట్లెక్కి, ఇంటి లోపలి గదికి పోయి, తలుపు వేసుకుని, కొంత తడవుకు గొలుసు లాగాడు. పాంచజన్యం వంటి ఆ గంభీర ఘోష గోడల గుండా, గొట్టాల గుండా, మంచు కింది నేల గుండా ప్రవహించి, పగలని మూత కిందికి, గడ్డకట్టని ట్యాంకులోకి నిరాటంకంగా చేరుకుంది.

రోండా సంచీలోంచి స్వెట్టర్లు రెండూ బయటికి తీసింది. ఒకటి తొడుక్కుంది.