తుమ్ముకు ఆన్‌లైన్ పరిష్కారం

మనిషికి కూడు, గుడ్డ, గూడు తర్వాత కావలసింది మనశ్శాంతి అని, అది ఇకమీదట కంప్యూటరు ద్వారానే అందుతుందని రెండువేల ఆరులో ఒకానొక శాఖ ప్రకటించింది. (మొదటి మూడూ దేని ద్వారా అందుతాయో ప్రకటనలో లేదు.) ఆ ప్రకారం ఆత్మకూరు బస్టాండు వెనక, జిరాక్సు షాపు పక్కగదిలో ఆన్‌లైన్ మనశ్శాంతి కేంద్రం వెలిసింది. ఒక కంప్యూటరు, ఒక కెమెరా, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ప్రదీప్‌కుమార్ అనే ఒక ఆపరేటరు.

మొట్టమొదట వచ్చినవాడు కిరాణా కొట్టు గోవిందయ్య. పాపం, ఆయన కష్టం మామూలుది కాదు. భార్య సుందరలక్ష్మి ఆయనతో మాట్లాడి నలభై ఒక్క రోజులైంది. కడపలో ఆమె తమ్ముడు బట్టల కొట్టు తెరుస్తుంటే, సరిగ్గా ముహూర్తానికి, రిబ్బను మీద కత్తెర పడబోయే క్షణాన, గోవిందయ్య తుమ్మాడు. జలుబు తుమ్మయితే సర్దుకునేవాళ్ళే. అది నస్యం తుమ్మని చుట్టాలందరికీ తెలుసు. ఆనాటి నుంచి సుందరలక్ష్మి గోడతోనే మాట్లాడుతోంది. "చారు ఉండాది, కావాల్సినోళ్ళు పోసుకోవచ్చు" అని గోడకు చెబుతుంది. ఇరవై ఏడేళ్ళుగా ఆమె తిట్లు నంజుకుని తిన్న మనిషికి, అవి లేకపోయేసరికి ముద్ద దిగడం లేదు.

ప్రదీప్‌కుమార్ ఫారం తీశాడు. అందులో ఒత్తిడి, వ్యసనం, సంబంధం అని మూడు గళ్ళున్నాయి.

"ఒక్కదానికే టిక్కు పెట్టాల పెద్దాయనా."

"నస్యం పీలిస్తే ఆమె మాట్లాడదు. ఆమె మాట్లాడకపోతే నాకు బీపీ. బీపీ వచ్చిందని మళ్ళా నస్యం పీలుస్తాండా. దేనికి పెట్టాలప్పా?"

"రెండు పెడితే కంప్యూటరు తీసుకోదు."

ఎక్కువ బాధగా ఉన్నది చూసుకుని గోవిందయ్య సంబంధానికి పెట్టాడు. ఆ గడికి ఇద్దరూ హాజరు కావాలట. పైగా, గోప్యత నిబంధన కింద, ఈ విషయం ఎవరికీ తెలియదని ఇరుగుపొరుగువారు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. (చదవకుండా సంతకం పెట్టించడం తప్పు కనుక, వాళ్ళకు విషయమంతా గట్టిగా చదివి వినిపించారు.)

ఇక సుందరలక్ష్మిని పిలవాలి. గోవిందయ్య కూడా గోడకే విన్నవించుకున్నాడు. గురువారం పొద్దున ఆమె చీర మార్చుకుని, పది అడుగులు వెనకగా నడిచి వచ్చింది.

లైను మధ్యాహ్నం మూడున్నరకు దొరికింది. తెర మీద హైదరాబాదు నుంచి కౌన్సెలరు జ్ఞానమణి, నోరు సగం తెరిచి, కదలకుండా ప్రత్యక్షమైంది. గొంతు మాత్రం వస్తోంది. ముందు సంబంధ నిర్ధారణ జరగాలని, భార్య తన భర్త పేరును మైకులో స్వయంగా చెప్పాలని ఆ గొంతు అంది.

"శ్రీవాసవి వాళ్ళ నాయన," అంది సుందరలక్ష్మి, కూతురి పేరు అడ్డం పెట్టుకుని.

"పేరు చెప్పండమ్మా."

"కొట్టాయన."

ఉండబట్టలేక గోవిందయ్యే మైకు ముందుకు వంగి తన పేరు చెప్పుకున్నాడు. దరఖాస్తుదారు గొంతు చెల్లదని కంప్యూటరు కీచుమంది.

"ఒక్కసారి అనేస్తే అయిపోతాది కదమ్మా," అన్నాడు ప్రదీప్‌కుమార్. "పోయేదేముండాది?"

"ఆయుష్షు పోతాదప్పా," అంది సుందరలక్ష్మి. "పెండ్లాము నోట పేరొస్తే మొగుని ఆయుష్షు తగ్గుతాది. కోపముంటే నాకుండాది. దానికి ఆయన ఆయుష్షు యాల తగ్గాల?"

గోవిందయ్యకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్ని రోజులుగా తన మీద మండిపడుతూ కూడా తన నూరేళ్ళను ఈమె భద్రంగా కాపాడుతూ వచ్చిందన్నమాట. జేబులో రుమాలు కోసం తడుముకుంటుంటే సుందరలక్ష్మి తన కొంగు అందించింది.

"ఏమండీ, ఈ పెట్టెతో మనకేం మాటలు," అంది. "ఇంటికి పోయి నేనే తిడతా, పాండి."

ఇద్దరూ ఒక్క ఆటోలోనే పోయారు.

నాలుగోనాడు పోస్టులో కాగితం వచ్చింది. "భర్త పేరు చెప్పనందున మీ ఇరువురికీ సంబంధమున్నట్లు రుజువు కాలేదు. సంబంధమే లేనిచోట సంబంధ సమస్య ఉండజాలదు గనుక, మీ సమస్య సంపూర్ణంగా పరిష్కారమైనట్లు నమోదు చేయడమైనది. సేవతో తృప్తి చెందినట్లు భార్యాభర్తలిద్దరూ దిగువన సంతకాలు చేసి పంపవలెను."